క్రైస్తవ వైద్య నౌకాసేవ

రోడ్డు వేయడానికి వీల్లేని నదీతీరాల్లో, దీవుల్లో, మంచు తీరాల్లో ఉండేవారి దగ్గరికి పడవలోనో ఓడలోనో వైద్య బృందం వెళ్లి చికిత్స చేసే పద్ధతి ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. ఇందులో పెద్ద భాగం క్రైస్తవ మిషన్లు, ధర్మసంస్థలు నడిపేదే. 19వ శతాబ్దం చివర ఉత్తర సముద్రపు చేపల పడవల మధ్య మొదలై, లాబ్రడార్, కెనడా పడమటి తీరం, అమెజాన్, పశ్చిమ ఆఫ్రికా, పాపువా న్యూగినీ దాకా ఇది పాకింది. డాక్టర్లు, నర్సులు మొదలుకొని సరంగులు, వంటవాళ్ల దాకా ఇందులో పనిచేసేవారిలో చాలామంది జీతం తీసుకోని స్వచ్ఛంద సేవకులు. అనేక సంస్థల్లో దారిఖర్చూ భోజనం ఖర్చూ కూడా వాళ్లే పెట్టుకుంటారు.

ఈ సేవలో రెండు రకాలున్నాయి. ఒకటి చిన్న పడవ. అది ఊరూరా ఆగుతూ జ్వరాలు, పుళ్లు, పిప్పిపళ్లు చూసి, టీకాలు వేసి, మందులిచ్చి ముందుకు సాగుతుంది. రెండోది ఆసుపత్రి ఓడ. అది ఒకే రేవులో నెలల తరబడి లంగరు వేసి ఉంటుంది, రోగులే దాని దగ్గరికి రావాలి. ముఖ్యమైన పని శస్త్రచికిత్స. పేరు ఒకటే అయినా ఈ రెంటి ఖర్చు, అవసరమయ్యే మనుషులు, వెనక మిగిలే ఫలితం వేరు వేరు. వీటిని ఒకే గాటన కట్టడం వల్లనే ఈ సేవ మీద పొగడ్తా విమర్శా రెండూ గురి తప్పుతుంటాయి.

ఆరంభం

ఉత్తర సముద్రంలో చేపలు పట్టే ఇంగ్లీషు జాలరులు వారాల తరబడి నీళ్ల మీదే ఉండేవారు. చెయ్యి వలతాడులో పడి నలిగినా, గాలం గుచ్చుకుని చీము పట్టినా ఒడ్డు చేరేదాకా దిక్కు లేదు. వాళ్ల చుట్టూ సారా, పొగాకు అమ్మే పడవలు మాత్రం తిరిగేవి. 1881లో ఎబెనీజర్ మాథర్ ఈ జాలరుల కోసం ఒక మిషన్ మొదలుపెట్టాడు. మిషన్ పడవలు బోధకుణ్ణీ మందుల పెట్టెనూ తీసుకెళ్లడంతో ఆగలేదు. సారా పడవల బేరం పడగొట్టడానికి పొగాకు తామే చవగ్గా అమ్మాయి. ధర్మబోధకూ పొగాకు బేరానికీ పొత్తు కుదరడం ఈనాటి పాఠకుడికి వింతగా తోచవచ్చు. సారా కోసం అటు పోయేవాణ్ణి ఇటు రప్పించడానికి అప్పట్లో అదే పనిచేసింది.

ఈ మిషన్‌లో చేరిన యువ వైద్యుడు విల్‌ఫ్రెడ్ గ్రెన్‌ఫెల్ (1865–1940). లండన్ ఆసుపత్రిలో చదువుకుంటున్నప్పుడు, తూర్పు లండన్‌లో అమెరికన్ సువార్తికుడు డి.ఎల్. మూడీ గుడారంలో పెట్టిన సభకు వెళ్లి మనసు మార్చుకున్నాడు. 1892లో మిషన్ అతణ్ణి ఆల్బర్ట్ అనే నావ మీద అట్లాంటిక్ దాటించి న్యూఫౌండ్లాండ్‌కు పంపింది. కొద్దిరోజుల ముందే సెయింట్ జాన్స్ పట్టణం పెద్ద అగ్నిప్రమాదంలో కాలిపోయి ఉంది. అక్కడినుంచి ఉత్తరాన లాబ్రడార్ తీరం వెంట సాగిన ఆ వేసవిలో అతను సుమారు 900 మంది రోగులను చూశాడు.

అతనికి కనిపించిన జబ్బులు చాలావరకు పేదరికం నుంచి పుట్టినవి. క్షయ ఇంటింటా ఉంది. తెల్ల పిండి రొట్టె, టీ తప్ప మరో తిండి లేక బెరిబెరి వచ్చేది. జాలరి పట్టిన చేపంతా వర్తకుడికి అప్పు కిందనే జమ అయ్యేది, చేతికి డబ్బు కనిపించేది కాదు. మందు మాత్రమే ఇచ్చి లాభం లేదని గ్రెన్‌ఫెల్‌కు తొందరగానే అర్థమైంది. మరుసటి ఏడు ఇద్దరు డాక్టర్లు, ఇద్దరు నర్సులతో తిరిగొచ్చి బాటిల్ హార్బర్‌లో ఆసుపత్రి తెరిచాడు. 1896లో రెడ్ బేలో సహకార దుకాణం పెట్టించాడు. ఆపై బడులు, అనాథ శరణాలయం, ఆడవాళ్లు ఇంట్లో అల్లే చాపలకు బజారు వచ్చాయి. పాల కోసం లాప్‌లాండ్ నుంచి రెయిన్‌డీర్ల మందను తెప్పించే ప్రయత్నం కూడా జరిగింది, అది నిలవలేదు. వర్తకులకు అతనంటే గిట్టకపోవడానికి కారణం అతని మతం కాదు, ఈ దుకాణాలే.

పడవలు మాత్రం మొత్తం పనికి వెన్నెముకగా ఉండిపోయాయి. 1899లో లార్డ్ స్ట్రాత్‌కోనా ఇచ్చిన సొమ్ముతో కట్టిన స్ట్రాత్‌కోనా అనే ఆవిరి ఓడ 1922లో మునిగిపోయేదాకా ప్రతి వేసవి ఆ తీరమంతా తిరిగింది. చలికాలంలో సముద్రం గడ్డకట్టినప్పుడు కుక్కలు లాగే బండే గతి. 1908 ఈస్టర్ రోజుల్లో కాలి ఎముకకు చీము పట్టిన కుర్రాణ్ణి చూడటానికి వెళ్తూ గ్రెన్‌ఫెల్ విరిగిన మంచుపలక మీద సముద్రంలోకి కొట్టుకుపోయాడు. చలికి తట్టుకోలేక తన కుక్కల్లో మూడింటిని చంపి వాటి తోళ్లు కప్పుకున్నాడు. జాలరులు అతణ్ణి కాపాడాక ఆ మూడు కుక్కల పేర్లతో ఒక స్మారక ఫలకం పెట్టించాడు.

స్వచ్ఛంద సేవకుల పద్ధతి ఇక్కడే ఒక రూపానికి వచ్చింది. అమెరికాలోని హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వంటి విశ్వవిద్యాలయాల కుర్రాళ్లు తమ ఖర్చులతో వచ్చి వేసవంతా బొగ్గు మోసేవారు, పునాదులు తవ్వేవారు, పడవలు నడిపేవారు. వైద్యం తెలిసినవాళ్లు వీరిలో కొందరే. తిరిగి వెళ్లాక వాళ్లే మిషన్‌కు చందాదారులు అయ్యారు. 1914లో ఇంటర్నేషనల్ గ్రెన్‌ఫెల్ అసోసియేషన్ ఏర్పడి పని అంతా దాని కిందికి వచ్చింది. అయితే ఆ తీరపు వైద్యానికి అసలు ఆధారం వేసవి కుర్రాళ్లు కారు. 1912లో వచ్చి 1939లో చనిపోయేదాకా లాబ్రడార్‌ను వదలని డాక్టర్ హ్యారీ ప్యాడన్ వంటివారూ, ఏళ్ల తరబడి మంచులో ఒంటరిగా ఉండిపోయిన నర్సులూనూ.

ఇదే తీరంలో పడవ మరో రకంగానూ గుర్తుండిపోయింది. 1918 చివర మొరేవియన్ మిషన్ సరుకుల ఓడ హార్మొనీ ఒకాక్ అనే ఇన్యూట్ ఊరికి వచ్చినప్పుడు దానితోపాటు ఇన్‌ఫ్లుయెంజా కూడా దిగింది. అక్కడి 263 మందిలో 204 మంది చనిపోయారు. ఊరే లేకుండా పోయింది. బయటివారి రాకపోకలు అరుదైన చోటికి వెళ్లే ప్రతి బృందమూ ముందు తన ఆరోగ్యం చూసుకోవాలనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

గ్రెన్‌ఫెల్ ఒరవడి త్వరలోనే ఇతర తీరాలకు పాకింది. న్యూఫౌండ్లాండ్‌లోనే పుట్టిన ఆంగ్లికన్ గురువు జాన్ ఆంట్‌ల్ 1904లో చిన్న పడవ వేసుకుని కెనడా పడమటి తీరంలో కలప కొట్టే శిబిరాలన్నీ చూసి వచ్చి కొలంబియా కోస్ట్ మిషన్ స్థాపించాడు.

అమెజాన్

ఆగకుండా సాగిన నదీ వైద్యానికి పేరుపడ్డ చోటు బ్రెజిల్ అమెజాన్. నెబ్రాస్కాకు చెందిన సెవెన్త్‌డే అడ్వెంటిస్టు దంపతులు లియో, జెస్సీ హాలివెల్ 1931లో బెలేమ్‌లో లుజెయిరో అనే లాంచీని నీళ్లలోకి దింపారు. లియో డాక్టరు కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీరు. జెస్సీ నర్సు. బెలేమ్, మనౌస్ నగరాల మధ్య నది పొడవునా వాళ్లు దాదాపు పాతికేళ్లు తిరిగి చలిజ్వరానికి క్వినైన్ ఇచ్చారు, పళ్లు పీకారు, నులిపురుగులకు మందు వేశారు, కాన్పులు చేశారు. బ్రెజిల్ ప్రభుత్వం వాళ్లను సదరన్ క్రాస్ గౌరవంతో సత్కరించింది. ఒక ఇంజనీరు, ఒక నర్సు కలిసి ఇంత పని చేయగలిగారంటే ఆ నదీతీరంలో అంతకు ముందు ఏమీ లేదని అర్థం. ఈనాడు అదే పద్ధతిలో పట్టా లేనివారు వైద్యం చేస్తే అది నేరమవుతుంది, కావాలి కూడా.

అమెజాన్‌లో పడవ నడపడం అంటే నది తీరు తెలిసి ఉండటం. వానాకాలానికీ వేసవికీ నీటిమట్టంలో 10 మీటర్లకు పైగా తేడా వస్తుంది. వరదలో ఇంటి మెట్టుకే పడవ కట్టవచ్చు. నీరు తీశాక అదే ఊరు బురదమేటకు అవతల ఉంటుంది, మందుల పెట్టెలు నెత్తిన పెట్టుకుని నడవాల్సిందే. ఆ కారణంగానే మంచి సంస్థలు ఏడాది పట్టికను పంచాంగంలా నదిని బట్టి రాసుకుంటాయి.

కాథలిక్కులూ ఈ పనిలో ఉన్నారు. ఫ్రాన్సిస్కన్ గురువూ వైద్యుడూ అయిన లూక్ టప్పర్ 1970లో సాంతారేమ్‌లో ఎస్పెరాన్సా అనే సంస్థ మొదలుపెట్టాడు. 2019లో పారా రాష్ట్రంలోని ఓబిదోస్ రేవు కేంద్రంగా పోప్ ఫ్రాన్సిస్ పేరుతో 32 మీటర్ల ఆసుపత్రి పడవ తిరగడం మొదలైంది. సావో పాలో రాష్ట్రంలోని పౌలీనియాలో రసాయన కాలుష్యానికి బలైన కార్మికుల కేసులో కోర్టు ద్వారా వచ్చిన పరిహారం నుంచి దీని నిర్మాణానికి సొమ్ము అందింది. చందాల మీద నడిచే ఇటువంటి పనుల్లో ఇది అరుదైన దారి. పెరూలోని ఇకిటోస్ నుంచి స్కాట్లండ్ సంస్థ వైన్ ట్రస్ట్ తోడ్పాటుతో అమెజాన్ హోప్ పడవలు తిరిగాయి. బ్రిటిష్ నౌకాదళం వాడి వదిలేసిన పడవలనే ఆసుపత్రులుగా మార్చారు.

ఆసుపత్రి ఓడలు

1978లో డాన్, డేయన్ స్టీవెన్స్ దంపతులు స్విట్జర్లండ్‌లోని లోసాన్‌లో మెర్సీ షిప్స్ స్థాపించారు. విక్టోరియా అనే పాత ఇటాలియన్ ప్రయాణికుల ఓడను 10 లక్షల డాలర్లకు కొని అనాస్తాసిస్ అని పేరు పెట్టారు. ఆ ఓడ 2007 దాకా పనిచేసింది. తర్వాత వచ్చిన ఆఫ్రికా మెర్సీ ఒకప్పుడు డెన్మార్క్‌లో రైళ్లను నీళ్లు దాటించిన ఓడ. 2021లో చేతికొచ్చిన గ్లోబల్ మెర్సీ మాత్రం మొదటినుంచీ ఆసుపత్రిగా ఉండటానికే చైనాలో కట్టినది. 174 మీటర్ల పొడవు, 6 ఆపరేషన్ గదులు, సుమారు 200 పడకలు దానికి ఉన్నాయి.

ఈ ఓడల్లో చేసేవన్నీ ఒక్కసారి సరిచేస్తే బతుకు మారిపోయే శస్త్రచికిత్సలు. గ్రహణం మొర్రి, ముఖం మీద కిలోల కొద్దీ పెరిగిన కణితి, వంకర కాళ్లు, శుక్లాలు, రోజుల తరబడి కాన్పు కష్టమై మూత్రం ఆగని స్థితికి చేరిన స్త్రీల ఫిస్టులా ఇందులోకి వస్తాయి. ఫిస్టులా నయమైన స్త్రీకి కొత్త బట్టలు పెట్టి పాటలతో సాగనంపడం ఓడలో ఆచారం. వాసన వస్తుందని ఇంట్లోవాళ్లే వెలివేసిన మనిషికి ఆ బట్టల విలువ ఆపరేషన్ విలువకు ఏమంత తక్కువ కాదు. పసిపిల్లల ముఖాన్ని తినేసే నోమా అనే జబ్బుకు ఇక్కడ ముఖాన్ని తిరిగి నిలబెట్టే ఆపరేషన్లు జరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో గానీ దాన్ని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చలేదు.

సురక్షితమైన, భరించగల శస్త్రచికిత్స 500 కోట్ల మందికి అందుబాటులో లేదని 2015లో లాన్సెట్ కమిషన్ తేల్చింది. ఆ లెక్క ముందు ఒక ఓడ చేయగలిగింది తక్కువే. రోగుల ఎంపిక రోజున రేవులో వేలమంది వరస కడతారు, అందులో చాలామందికి కాదని చెప్పాల్సి వస్తుంది. కొత్తగా వచ్చిన నర్సుకు ఆపరేషన్ గది కన్నా ఆ వరస దగ్గర నిలబడటమే కష్టం. దీన్ని గుర్తించి స్థానిక సర్జన్లకూ మత్తు వైద్యులకూ శిక్షణ ఇవ్వడానికి మెర్సీ షిప్స్ ప్రాధాన్యం పెంచింది. 2014లో ఎబోలా వల్ల ఆఫ్రికా మెర్సీ పశ్చిమ ఆఫ్రికా ప్రయాణం మానుకుని మడగాస్కర్‌కు వెళ్లాల్సి వచ్చింది. 2020లో కోవిడ్ వల్ల సెనెగల్ నుంచి మధ్యలో బయల్దేరింది. ఓడ వెళ్లిపోగలదు, రోగి వెళ్లలేడు. నేర్చుకున్న స్థానిక వైద్యుడు ఒక్కడే అక్కడ మిగిలే ఆసుపత్రి.

పాపువా న్యూగినీ

ఎనిమిది వందలకు పైగా భాషలున్న ఈ దేశంలో కొండలూ చిత్తడినేలలూ కలిసి రోడ్లను రానివ్వవు. ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్ నుంచి యూత్ విత్ ఎ మిషన్ సంస్థ 2010లో పసిఫిక్ లింక్ అనే ఓడతోనూ, 2015 నుంచి మరింత పెద్ద ఓడతోనూ ఇక్కడి తీరాలకు, ఫ్లై నది వంటి నదుల వెంట ఉన్న ఊళ్లకు వెళ్తోంది. పెద్ద ఓడ లోతున్నంత వరకే పోతుంది. అక్కడినుంచి రబ్బరు పడవల్లో బృందాలు ఊళ్లకు చీలిపోతాయి. పళ్ల చికిత్స, కళ్లద్దాలు, టీకాలు, తల్లీబిడ్డల పరీక్ష ఓ వైపు సాగుతుంటే, స్థానిక ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ మరోవైపు నడుస్తుంది. దేశంలో గ్రామీణ వైద్యంలో సగం దాకా చర్చీల చేతుల్లోనే ఉంది కాబట్టి వచ్చిన బృందం పని అప్పజెప్పి వెళ్లడానికి ఒడ్డున ఒక కేంద్రం సాధారణంగా ఉంటుంది. ఈ ఒక్క ఏర్పాటు ఎంత పెద్ద ఓడ కన్నా విలువైనది.

పడవకు తగిన జబ్బు, తగని జబ్బు

ఒకసారి వచ్చి నెలల తర్వాత మళ్లీ వచ్చే వైద్యానికి కొన్ని జబ్బులే లొంగుతాయి. పుచ్చిన పన్ను పీకితే పని అయిపోయింది. శుక్లం తీస్తే చూపు వచ్చింది. నులిపురుగులకు 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ ఒక్క మాత్ర చాలు, మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ ఇవ్వాలి. యాస్ అనే చర్మవ్యాధికి ఒకప్పుడు పెన్సిలిన్ ఇంజెక్షన్ పొడవాల్సి వచ్చేది. అజిత్రోమైసిన్ నోటి మందు ఒక్క మోతాదు అంతే పనిచేస్తుందని 2012లో పాపువా న్యూగినీలోని లిహిర్ దీవిలో తేలాక, సూదులు మోయక్కర్లేని ఆ వైద్యం పడవకు సరిగ్గా సరిపోయింది.

క్షయ అలా లొంగదు. మామూలు క్షయకే ఆరు నెలలు మానకుండా మందు వేయాలి. నెల మందు ఇచ్చి పడవ వెళ్లిపోతే జబ్బు ముదరడమే కాక మందుకు లొంగని రకం పుట్టే ప్రమాదం ఉంది. పాపువా న్యూగినీలో డారు దీవి మొండి క్షయకు పేరుమోసింది కూడా. రక్తపోటు, మధుమేహం సంగతీ ఇంతే. ప్రసవం కష్టమైతే పడవ వచ్చే తేదీ దాకా ఆగదు. అందుకే అనుభవమున్న బృందాలు ఈ జబ్బులను కనిపెట్టి, చీటీ రాసి, దగ్గరి ఆరోగ్య కేంద్రానికి పంపడమే తమ పనిగా పెట్టుకుంటాయి. చీటీ పట్టుకుని రోగి వెళ్లగలిగే కేంద్రం లేకపోతే ఆ పరీక్ష వల్ల మిగిలేది దిగులే.

టీకాలది వేరే కథ. వాటిని 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. ఎండలో రబ్బరు పడవలో గంటల ప్రయాణం తర్వాత కూడా పెట్టెలో మంచు నిలవాలంటే డాక్టరు కన్నా ముందు జనరేటరు చూసుకునే మనిషి నమ్మకస్థుడై ఉండాలి.

సేవకుల ఎంపిక, పని

డాక్టర్లు, దంతవైద్యులు, కంటి వైద్యులు, నర్సులు, లాబ్ సిబ్బంది అందరికీ తమ దేశంలో రిజిస్ట్రేషన్ ఉండాలి. దానితోపాటు వెళ్లిన దేశపు వైద్య మండలి తాత్కాలిక అనుమతి తీసుకోవాలి. ఓడలో ఎక్కువకాలం ఉండేవారికి మంటలార్పడం, నీళ్లలో ప్రాణం కాపాడుకోవడం మీద నావికుల ప్రాథమిక శిక్షణ అడుగుతారు. వైద్యేతరుల అవసరం బయటివారు అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ. ఇంజను మెకానిక్కు, ఎలక్ట్రీషియన్, వంటమనిషి, ఓడలో ఉండే పిల్లలకు చదువు చెప్పే టీచరు, అందరికన్నా ముఖ్యంగా దుబాసీ కావాలి. నొప్పి ఎక్కడో, ఎన్నాళ్లనుంచో తప్పుగా అనువాదమైతే ఎంత గొప్ప వైద్యుడైనా తప్పు మందే ఇస్తాడు.

గడువు రెండు వారాల నుంచి ఏళ్ల దాకా ఉంటుంది. చిన్న పడవల్లో నిద్ర ఇరుకు బంకుల్లోనో ఊయల మంచాల్లోనో. స్నానానికి నీళ్లు లెక్కగా ఇస్తారు. రోజు తెల్లవారకముందే ప్రార్థనతో మొదలవుతుంది. దీనిలో పాల్గొనడం కొన్ని సంస్థల్లో తప్పనిసరి, కొన్నింట్లో కాదు. కొన్ని సంస్థలు విశ్వాస ప్రకటన మీద సంతకం కోరతాయి. వేరే మతస్థులు, మతం లేనివారు చేరగలిగినవీ ఉన్నాయి. దరఖాస్తుకు ముందే ఇది తెలుసుకోవడం ఇద్దరికీ మంచిది.

మతం, విమర్శ

చికిత్సను మతప్రచారానికి ఎర చేస్తున్నారన్నది ఈ సేవ మీద పాత ఆరోపణ. సహాయాన్ని మత ప్రయోజనానికి వాడకూడదని విపత్తు సహాయ సంస్థల కోసం రెడ్‌క్రాస్ తదితరులు 1994లో రూపొందించిన నియమావళి చెబుతుంది. వైద్య నౌకలకు అది నేరుగా కట్టుబాటు కాదు, అయినా కొలబద్దగా పనికొస్తుంది. ప్రార్థన విననివారికి మందు ఆలస్యమైతే అది తప్పే. క్యూలో నిలబెట్టి బోధించడమూ తప్పే, ఎందుకంటే రోగి వెళ్లిపోలేడు. చికిత్స అయ్యాక అడిగినవారితో విశ్వాసం గురించి మాట్లాడటం వేరు. పాపువా న్యూగినీలో, అమెజాన్ తీరంలో జనం అత్యధికంగా అప్పటికే క్రైస్తవులు కావడంతో ఈ ప్రశ్న పదును తగ్గుతుంది. తక్కినచోట్ల తగ్గదు.

ఇంకా గట్టి విమర్శలు మూడున్నాయి. సెలవుల్లో వచ్చిపోయేవారి కోసం పెట్టిన ఖర్చు స్థానిక నర్సు జీతానికి పెడితే ఎక్కువ ఫలితం వస్తుందని, ఉచిత పడవ వస్తుందని జనం ఉన్న కేంద్రానికి వెళ్లడం మానేస్తారని, విదేశీ విద్యార్థులు తమ దేశంలో చేయడానికి అనుమతి లేని పనులు పేదల మీద నేర్చుకుంటారని. మూడూ నిజంగా జరిగేవే. జవాబు సంస్థను బట్టి ఉంటుంది.

పడవ సేవ చివరికి ఎక్కడ చేరాలో బ్రెజిల్, కెనడా చూపించాయి. బ్రెజిల్ నౌకాదళం 1980లలో తన ఆసుపత్రి నౌకలను అమెజాన్‌లో దింపింది. తర్వాత ప్రజారోగ్య వ్యవస్థే నదీ ఆరోగ్య కేంద్రాలను పడవల మీద నడుపుతోంది. లాబ్రడార్‌లో గ్రెన్‌ఫెల్ అసోసియేషన్ 1981లో తన ఆసుపత్రులను ప్రభుత్వానికి అప్పజెప్పింది.

తెలుగు నేల, తెలుగు సేవకులు

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి డెల్టా కాలువలే రహదారులయ్యాయి. మిషనరీలు ఇంటిపడవల మీద ఊళ్లు తిరిగేవారు. అయితే ఇక్కడి మిషన్ వైద్యం పడవలో కన్నా రాజమండ్రి, నర్సాపురం వంటి చోట్ల కట్టిన ఆసుపత్రుల్లో పెరిగింది. భారతదేశంలో పడవ వైద్యానికి ఈనాడు పేరున్నది బ్రహ్మపుత్ర మీద, 2005లో అస్సాంలో మొదలైన బోట్ క్లినిక్కులది. అవి మత సంస్థవి కావు.

విదేశీ ఓడల్లో చేరాలనుకునే తెలుగు డాక్టర్లు, నర్సులు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. అమెజాన్‌కూ పశ్చిమ ఆఫ్రికాకూ వెళ్లేవారికి పచ్చజ్వరం టీకా కార్డు అవసరం. టీకా వేయించుకున్న 10 రోజులకు గానీ ఆ కార్డు చెల్లదు. అది లేకుండా ఆ దేశాల నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలో 6 రోజుల దాకా విడిగా ఉంచుతారు. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. ఇక సంస్థను ఎంచుకునేటప్పుడు అడగవలసింది, తాము వెళ్లిపోయాక ఆ రోగులను ఎవరు చూస్తారన్నది. పంటి, కంటి, మొర్రి వైద్యులకు రెండు వారాల గడువైనా సరిపోతుంది. మిగతావారు ఏడాది ఉండగలిగితేనే వెళ్లాలి. అది కుదరనప్పుడు విమానం టిక్కెట్టు డబ్బు అక్కడి ఆరోగ్య కేంద్రానికి పంపడమే మేలు.